నడక తడబడుతోంది, స్కాన్‌లో నీరు కనిపిస్తోంది: షంట్ ఎవరికి వేయాలి?

పెద్దవయసులో మెదడు లోపలి గదుల్లో నీరు పెరిగి, ఒత్తిడి కొలిస్తే మాత్రం మామూలుగానే కనిపించే స్థితిని నార్మల్ ప్రెషర్ హైడ్రోకెఫలస్ అంటారు. వాడుకలో ఎన్‌పీహెచ్. ఈ నెల అందిన ఉత్తరాల్లో చాలా వాటి సారాంశం ఒకటే: షంట్, అంటే ఆ నీటిని సన్నని గొట్టం ద్వారా కడుపు కుహరంలోకి మళ్లించే ఆపరేషన్, చేయించాలా, వద్దా? వాటిలో ఐదింటికి ఇక్కడ జవాబిస్తున్నాను. ఇవి మీ డాక్టరుగారితో కూర్చుని మాట్లాడుకోవడానికి ఉపయోగపడాలే తప్ప, రోగిని చూడకుండా ఇచ్చిన తీర్పుగా తీసుకోవద్దని మనవి.

ప్రశ్న: మా నాన్నగారికి 74 ఏళ్లు. ఏడాదిన్నరగా అడుగులు బాగా చిన్నవైపోయాయి. కుర్చీలోంచి లేచాక మొదటి అడుగు పడటానికే చాలాసేపు పడుతోంది. ఆరు నెలలుగా మూత్రం ఆపుకోలేకపోతున్నారు. మనుషులను గుర్తుపడతారు, పాత సంగతులు చెబుతారు, కానీ ఏ పనైనా మొదలుపెట్టాలంటే మందకొడిగా ఉంటారు. ఎమ్మారైలో మెదడు గదులు పెద్దవయ్యాయని రాశారు. ఒక డాక్టరుగారు షంట్ వేయాలంటున్నారు, మరొకరు వయసు వల్ల మెదడు కుంచించుకుపోయింది, అంతకుమించి ఏమీ లేదంటున్నారు. మేము ఎవరి మాట వినాలి?

జవాబు: స్కాన్‌లో గదుల వెడల్పు ఒక్కటే చూస్తే ఆ ఇద్దరు డాక్టర్ల మాటకూ ఆధారం దొరుకుతుంది. అందుకే షంట్ నిర్ణయం నడక దగ్గర మొదలై, స్కాన్ దగ్గర బలపడి, నీరు తీసి చూసే పరీక్ష దగ్గర తేలాలని నేను గట్టిగా నమ్ముతాను. ఈ వరుస తారుమారైనప్పుడే అక్కరలేని వాళ్లకు ఆపరేషన్ జరగడం, అవసరమైన వాళ్లకు జరగకపోవడం రెండూ చూస్తుంటాం.

మెదడులో రోజుకు దాదాపు అర లీటరు ద్రవం తయారవుతుంది. ఏ సమయంలో చూసినా లోపల నిలిచి ఉండేది సుమారు 150 మిల్లీలీటర్లే కాబట్టి, ఆ ద్రవమంతా రోజుకు మూడుసార్లకు పైగా మారిపోతూ ఉంటుందన్నమాట. ఆ ప్రసరణ, ఇంకిపోయే తీరు దెబ్బతిన్నప్పుడు గదులు నెమ్మదిగా ఉబ్బి, వాటి చుట్టూ ఉన్న నరాల తంతువులు పనిచేయడం మందగిస్తుంది. మెదడులో రక్తస్రావం, మెదడు పొరల వాపు, తలకు దెబ్బ వంటి స్పష్టమైన కారణం తర్వాత వచ్చే రకం ఒకటి. ఏ కారణమూ కనిపించకుండా పెద్దవయసులో వచ్చే రకం మరొకటి. మీ నాన్నగారి విషయంలో అనుమానిస్తున్నది రెండోది. కొలంబియాకు చెందిన న్యూరోసర్జన్ సాలొమోన్ హకీమ్, అమెరికాలోని రేమండ్ ఆడమ్స్, వారి సహచరులు 1965లో ఈ స్థితిని వైద్యలోకం ముందు పెట్టినప్పుడే, చికిత్సకు లొంగే జబ్బు అని దీన్ని పేర్కొన్నారు. నడక తడబాటు, మూత్రం అదుపు తప్పడం, ఆలోచన మందగించడం అనే మూడు లక్షణాల గుంపు అప్పటి నుంచి ప్రసిద్ధమైంది. మూడూ ఉంటేనే జబ్బు అనుకోవడం మాత్రం సరికాదు. మొదట వచ్చేది చాలావరకు నడక తడబాటే, మిగతా రెండూ తర్వాత చేరవచ్చు.

ఇంతకీ ఆ నడక ఎలా ఉంటుంది? పాదాలు నేలకు అతుక్కుపోయినట్టు పైకి లేవవు. కాళ్ల మధ్య ఎడం పెరుగుతుంది, పాదాల ముందు భాగాలు బయటికి తిరిగి ఉంటాయి, అడుగు పొడవు తగ్గుతుంది. వెనక్కి తిరగమన్నప్పుడు తేడా ఇంకా బాగా తెలుస్తుంది: మామూలు మనిషి రెండు మూడు అడుగుల్లో తిరిగే చోట, వీళ్లు ఉన్నచోటే చిన్న చిన్న అడుగులు అనేకం వేస్తూ, ఒంటినంతా ఒకే ముక్కగా తిప్పుకుంటారు. చేతుల ఊపు మాత్రం చాలామందిలో బాగానే ఉంటుంది. మంచం మీద పడుకోబెట్టి కాళ్లు కదపమంటే బలంగానే కదుపుతారు, నిలబడితే అదే కాలు ముందుకు రాదు. దీన్ని ఇంట్లోనే ఫోన్‌తో వీడియో తీసి, ఏడాది క్రితం ఏ సందర్భంలోనో తీసిన వీడియో దొరికితే దాన్ని కూడా కలిపి డాక్టరుగారికి చూపించండి. ఆసుపత్రిలో డాక్టరు ముందు నడిచే కొద్ది అడుగుల కంటే ఇది ఎంతో మేలు చేస్తుంది, ఎందుకంటే పరీక్ష చేస్తున్నారని తెలిసినప్పుడు కొందరు పెద్దవాళ్లు బలమంతా కూడదీసుకుని మామూలు కంటే బాగా నడుస్తారు.

ఇక స్కాన్ సంగతి. గదుల ముందు కొమ్ముల వెడల్పును, అదే స్థాయిలో పుర్రె లోపలి గరిష్ఠ వెడల్పుతో భాగిస్తే వచ్చేది ఎవాన్స్ సూచిక. అది 0.3 దాటితే గదులు పెద్దవని లెక్క. అయితే ఏ లక్షణాలూ లేని పెద్దవాళ్లలో కూడా ఈ అంకె 0.3 దాటడం అరుదు కాదు కాబట్టి, దీన్ని తలుపు దగ్గరి మొదటి మెట్టుగానే చూడాలి. మెదడు కుంచించుకుపోయినందువల్ల గదులు పెద్దవైతే, మెదడు ఉపరితలం మీది చాళ్లు కూడా అన్నిచోట్లా వెడల్పవుతాయి. ఎన్‌పీహెచ్‌లో తరచూ కనిపించే చిత్రం వేరు: నడినెత్తి దగ్గరి చాళ్లు బిగుసుకుపోయి ఉంటాయి, కింద పక్కలనున్న సిల్వియన్ చీలికలు మాత్రం విశాలంగా తెరుచుకుని ఉంటాయి. ఈ అసమానతకు డెష్ అని పేరు. మెదడు రెండు సగాలను కలిపే నరాల కట్ట అయిన కార్పస్ కెలోజమ్ కింద రెండు గదుల మధ్య ఏర్పడే కోణం 90 డిగ్రీల కంటే తక్కువగా ఉండటం దానికి తోడయ్యే మరో ఆనవాలు. జపాన్‌లో ఈ చిత్రం ఆధారంగానే 100 మంది రోగులను ఎంపిక చేసి షంట్ వేసిన అధ్యయనం 2010లో వెలువడింది. ఏడాది వ్యవధిలో ఏదో ఒక దశలో 80 శాతం మంది మెరుగుపడ్డారు. డెష్ కనిపిస్తే ధైర్యం పెరుగుతుంది. కనిపించనంత మాత్రాన షంట్ పనిచేయదని చెప్పడానికి వీల్లేదు.

అందువల్ల మీరు ఇద్దరు డాక్టర్లలో ఎవరినో ఒకరిని ఎంచుకోనక్కర్లేదు. ఆ స్కాన్‌ను మళ్లీ చూపించి, నడినెత్తి చాళ్లు ఎలా ఉన్నాయి, ఆ కోణం ఎంత ఉంది, నాలుగో గదికి వెళ్లే సన్నని దారి తెరిచే ఉందా అని అడగండి. ఆ దారి మూసుకుపోయి ఉంటే జబ్బూ వేరు, చికిత్సా వేరు. వెన్ను నుంచి నీరు తీయడం కూడా అప్పుడు ప్రమాదం కావచ్చు. నడుము ఎముకల్లో నరాలు నొక్కుకుపోవడం, మెడ దగ్గర వెన్నుపాము ఒరుసుకోవడం, మధుమేహం వల్ల పాదాల నరాలు దెబ్బతినడం, బీ12 లోపం, ప్రోస్టేటు వాపు వంటివి కూడా నడకనూ మూత్రాన్నీ ఇలాగే చెడగొడతాయి కాబట్టి వాటినీ వెతకాలి. ఇవన్నీ చూశాక మీరు వర్ణించిన చిత్రమే నిలబడితే, తర్వాతి మెట్టు నీరు తీసి చూసే పరీక్ష. దాన్ని గురించే తర్వాతి ఉత్తరం.

ప్రశ్న: మా అత్తగారికి వెన్నులోంచి 40 మి.లీ. నీరు తీశారు. సాయంత్రం నడిపించి చూసి, పెద్ద తేడా లేదు కాబట్టి షంట్ వల్ల ఉపయోగం ఉండదన్నారు. ఇక ఆశ వదులుకోవాల్సిందేనా?

జవాబు: వదులుకోనక్కర్లేదు. ఆ పరీక్ష జరిగిన తీరు గురించి మాత్రం మీరు కొన్ని వివరాలు కనుక్కోవాలి.

ట్యాప్ టెస్ట్ అనే ఈ పరీక్షలో 30 నుంచి 50 మి.లీ. నీరు తీసి, అంతకుముందు నడకను, ఆ తర్వాతి నడకను పోల్చి చూస్తారు. షంట్ వేస్తే ఏమవుతుందో కొన్ని గంటలపాటు ముందే చూపించే ప్రయత్నం ఇది. పోల్చడమంటే కంటితో చూసి ‘కొంచెం బాగుంది’ అనుకోవడం సరిపోదు. పది మీటర్ల దూరం నేల మీద గుర్తు పెట్టి, ఎన్ని సెకన్లలో దాటారు, ఎన్ని అడుగులు వేశారు అని లెక్క రాయాలి. కుర్చీలోంచి లేచి, మూడు మీటర్లు నడిచి, తిరిగి వచ్చి కూర్చోవడానికి పట్టే సమయం కూడా చూడాలి. ఒక్కసారి కాకుండా రెండు మూడుసార్లు కొలిచి సగటు తీసుకుంటే ఇంకా నయం. ఉదాహరణకు, ఒక పెద్దావిడ నీరు తీయకముందు పది మీటర్లను 24 సెకన్లలో 38 అడుగులు వేసి దాటి, మర్నాడు అదే దూరాన్ని 18 సెకన్లలో 27 అడుగుల్లో దాటిందనుకోండి. చూసేవాళ్లకు అది ఇంకా ముసలి నడకగానే అనిపించవచ్చు, ఇంట్లోవాళ్లు ‘ఏం మారలేదు’ అనవచ్చు. అంకెల్లో మాత్రం సమయం నాలుగో వంతు తగ్గింది. అది బలమైన సానుకూల ఫలితం. నడకలో పది నుంచి ఇరవై శాతం మెరుగుదలను చాలా కేంద్రాలు ఫలితంగా లెక్కిస్తాయి.

కొలిచిన సమయం కూడా ముఖ్యమే. కొందరిలో రెండు మూడు గంటల్లోనే తేడా కనబడుతుంది, కొందరిలో మర్నాటికి గానీ తెలియదు. నడుములో సూది గుచ్చిన నొప్పి, లేస్తే వచ్చే తలనొప్పి కారణంగా అదే సాయంత్రం నడక మరింత పాడైనట్టు కనిపించవచ్చు. అందుకని మీ అత్తగారిని మర్నాడు, వీలైతే ఆ తర్వాతి రోజు కూడా నడిపించి కొలిచారా అని అడగండి. సాయంత్రం ఒక్కసారి చూసి వదిలేసి ఉంటే, నా దృష్టిలో ఆ పరీక్ష ఇంకా పూర్తి కాలేదు.

సరిగ్గా జరిగిన పరీక్షలో కూడా మార్పు లేకపోతే? అప్పుడు కూడా తలుపు మూసుకోదు. ట్యాప్ టెస్ట్‌లో మెరుగుపడినవాళ్లు షంట్ తర్వాత మెరుగుపడే అవకాశం ఎక్కువ. మెరుగుపడనివాళ్లు షంట్ తర్వాత మెరుగుపడరని మాత్రం చెప్పలేం. 2005లో వెలువడిన అంతర్జాతీయ మార్గదర్శకాల ప్రకారం, షంట్‌తో బాగుపడబోయేవాళ్లలో ట్యాప్ టెస్ట్ పట్టుకోగలిగినది 26 నుంచి 61 శాతం మందినే. అంటే ఈ ఒక్క పరీక్షనే నమ్ముకుంటే ఎంతోమందికి మేలు అందకుండా పోతుంది. ఐరోపాలోని పలు కేంద్రాలు కలిసి జరిపి 2013లో ప్రచురించిన అధ్యయనం దీన్ని మరింత స్పష్టం చేసింది. అక్కడ 142 మందిని లక్షణాలు, స్కాన్‌ల ఆధారంగానే షంట్‌కు ఎంపిక చేశారు. ట్యాప్ టెస్ట్ చేశారు గానీ దాని ఫలితాన్ని బట్టి ఎవరినీ పక్కన పెట్టలేదు. ఏడాది తర్వాత పరీక్షించిన 115 మందిలో 84 శాతం మంది మెరుగుపడ్డారు, ట్యాప్ టెస్ట్‌లో మార్పు కనిపించనివాళ్లలో కూడా మెరుగుపడినవాళ్లు ఉన్నారు. కాబట్టి ఆపరేషన్ వద్దని చెప్పడానికి ఈ పరీక్షను ఆధారంగా తీసుకోకూడదని ఆ పరిశోధకులు తేల్చారు.

ఇలాంటి సందర్భంలో తదుపరి మెట్టు సన్నని గొట్టాన్ని నడుము భాగంలో అమర్చి, ఆసుపత్రిలో ఉంచి, రెండు మూడు రోజులపాటు గంటకు సుమారు పది మి.లీ. చొప్పున నీరు తీస్తూ రోజూ నడకను కొలవడం. షంట్ చేసే పనికి ఇది చాలా దగ్గరగా ఉంటుంది కాబట్టి, ట్యాప్ టెస్ట్ వదిలేసిన వాళ్లలో కొందరిని ఇది పట్టుకుంటుంది. మెదడు పొరలకు ఇన్‌ఫెక్షన్ సోకే ప్రమాదం, నీరు ఎక్కువగా పోయి మెదడు చుట్టూ రక్తం చేరే ప్రమాదం కొద్దిగా ఉన్నాయి. గొట్టాన్ని తెలియక లాగేసుకునేంత అయోమయంలో ఉన్న రోగికి ఇది కష్టం. కొన్ని కేంద్రాల్లో ద్రవాన్ని లోపలికి ఎక్కిస్తూ, అది ఇంకిపోవడానికి ఎదురయ్యే అడ్డంకిని కొలిచే పరీక్ష కూడా చేస్తారు. 1997లో వచ్చిన డచ్ అధ్యయనం 18 అనే అంకెను హద్దుగా సూచించింది. అది దాటితే నమ్మకం పెరుగుతుంది, దాటకపోతే షంట్ వద్దనడానికి ఆ అంకె కూడా చాలదు.

మీ అత్తగారి నడక తీరు, స్కాన్ రెండూ బలంగా ఈ జబ్బునే చూపిస్తుంటే, మూడు రోజుల పరీక్ష అడగడం మీ హక్కు. నడకలో ఆ లక్షణాలు లేకుండా కేవలం గదుల వెడల్పు చూసి పరీక్ష చేసి ఉంటే మాత్రం, వచ్చిన ఫలితాన్ని అంగీకరించి వేరే కారణం వెతకడమే మంచిది.

ప్రశ్న: అమ్మకు జ్ఞాపకశక్తి బాగా తగ్గింది. అడిగిందే మళ్లీ మళ్లీ అడుగుతుంది, ఇంట్లో దారి తప్పుతుంది. నడక మాత్రం బాగానే ఉంది. స్కాన్‌లో గదులు పెద్దవిగా ఉన్నాయన్నారు. షంట్ వేస్తే మతిమరుపు పూర్తిగా పోతుందని ఎవరో చెప్పారు. నిజమేనా?

జవాబు: మీ ఆశను తుంచాలని లేదు గానీ, మీరు రాసిన దాన్ని బట్టి మీ అమ్మగారికి షంట్ వల్ల మేలు జరిగే అవకాశం చాలా తక్కువ. కొత్త సంగతులు నిలవకపోవడం, అదే ప్రశ్న మళ్లీ అడగడం, తెలిసిన చోట దారి తప్పడం, అదీ నడక చెడకుండా ఉండగా, ఇవన్నీ అల్జీమర్స్ వైపు చూపించే లక్షణాలు. ఎన్‌పీహెచ్‌లో మందగించేది ఎక్కువగా ఆలోచనా వేగం, శ్రద్ధ, చొరవ. అడిగిన దానికి జవాబు ఆలస్యంగా వస్తుంది, కానీ కాస్త అందిస్తే గుర్తుకొస్తుంది.

షంట్ తర్వాత మొదట, ఎక్కువగా బాగుపడేది నడక. మూత్రం అదుపు కొందరిలో మెరుగుపడుతుంది. మతిమరుపు విషయంలో ఫలితం అంత ఖాయం కాదు. 2025లో ప్రచురితమైన పెన్స్ అనే అధ్యయనం ఈ విషయంలో చాలా విలువైనది. అందులో 99 మందికీ షంట్ అమర్చారు. సగం మందిలో వాల్వును పనిచేసేలా, మిగతా సగం మందిలో దాదాపు పనిచేయని స్థాయిలో అమర్చి, ఎవరిది ఏదో రోగికి గానీ నడక కొలిచేవాళ్లకు గానీ తెలియనివ్వలేదు. మూడు నెలల తర్వాత పనిచేసే షంట్ ఉన్నవాళ్ల నడక వేగం సెకనుకు 0.23 మీటర్లు పెరిగింది, రెండో గుంపులో 0.03 మాత్రమే పెరిగింది. షంట్ వల్ల కలిగిన మేలు కేవలం మనసు చేసే మాయ కాదని ఇంత గట్టిగా రుజువు కావడం ఈ జబ్బు చరిత్రలో పెద్ద మలుపు. అదే అధ్యయనంలో, ఆ మూడు నెలల్లో, జ్ఞాపకశక్తి పరీక్ష మార్కుల్లోనూ మూత్రం ఇబ్బందిలోనూ రెండు గుంపుల మధ్య చెప్పుకోదగ్గ తేడా తేలలేదు. ఇంకొక మాట కూడా గమనించాలి: అందులో చేర్చుకున్నవాళ్లందరూ ముందుగా నీరు తీసినప్పుడు నడక మెరుగుపడినవాళ్లే. ఆ ఫలితాన్ని నడక బాగానే ఉన్న మీ అమ్మగారికి అన్వయించలేం.

దీనికి మరో వైపు కూడా ఉంది. ఎన్‌పీహెచ్ ఉన్నవాళ్లలో చాలామందికి అల్జీమర్స్ మార్పులు కూడా తోడై ఉంటాయి. అలాంటివాళ్లకు నడక లక్షణాలు స్పష్టంగా ఉంటే, అల్జీమర్స్ ఉందన్న ఒక్క కారణంతో షంట్ నిరాకరించకూడదు. మేలు కొంత తక్కువగా, కొంతకాలమే ఉండవచ్చని ముందే చెప్పి నిర్ణయించుకోవాలి. పడిపోకుండా బాత్రూమ్ దాకా తనంతట తాను వెళ్లగలగడం, మతిమరుపు తగ్గకపోయినా, ఆ మనిషికీ చూసుకునేవాళ్లకీ చాలా పెద్ద విషయం.

ప్రశ్న: మా పెదనాన్నగారికి ముందు పార్కిన్సన్స్ అని ఏడాదిపాటు లెవోడోపా మాత్రలు ఇచ్చారు. గుణం కనిపించలేదు. ఇప్పుడు ఎన్‌పీహెచ్ కావచ్చంటున్నారు. రెంటినీ వేరు చేయడం ఎలా?

జవాబు: సరైన మోతాదులో, తగినంత కాలం వాడినా లెవోడోపాకు స్పందన లేకపోవడం, చేతుల వణుకు లేకపోవడం, కాళ్లు ఎడంగా పెట్టి నడవడం, చేతుల ఊపు చెడకపోవడం, మూత్రం ఇబ్బంది తొందరగా మొదలవడం ఎన్‌పీహెచ్ వైపు మొగ్గు చూపిస్తాయి. నేల మీద గీతలు గీసి వాటిని దాటుతూ నడవమంటే పార్కిన్సన్స్ ఉన్నవాళ్ల అడుగు బాగా పెరుగుతుంది, ఎన్‌పీహెచ్ ఉన్నవాళ్లలో ఆ లాభం తక్కువ. పార్కిన్సన్స్‌లో దెబ్బతినే డోపమైన్ వ్యవస్థను చూపే డోపమైన్ స్కాన్ కొంత సాయపడుతుంది గానీ, ఎన్‌పీహెచ్‌లో కూడా డోపమైన్ కొద్దిగా తగ్గినట్టు కనిపించవచ్చు కాబట్టి ఆ స్కాన్‌మీదే పూర్తిగా ఆధారపడకండి. మాత్రలను హఠాత్తుగా ఆపకుండా, డాక్టరుగారు చెప్పిన ప్రకారం తగ్గించండి. ట్యాప్ టెస్ట్ జరిగే రోజుల్లో ఈ మాత్రల మోతాదు గానీ వేళలు గానీ మార్చవద్దు, మారిస్తే నడకలో వచ్చిన తేడా దేనివల్ల వచ్చిందో తేలదు.

ప్రశ్న: మా నాయనమ్మకు 82 ఏళ్లు. గుండె లయ తప్పుతోందని రక్తం పలచబడే మందు వాడుతోంది. ట్యాప్ టెస్ట్‌లో నడక చాలా బాగుపడింది. ఈ వయసులో మెదడు ఆపరేషనా అని బంధువులందరూ వద్దంటున్నారు. చేయించుకుందామంటే ఎంతకాలంలోగా చేయించుకోవాలి?

జవాబు: ఇది అసలు వయసు జబ్బే. స్వీడన్‌లో జరిగిన ఒక పరిశీలన ప్రకారం 70 నుంచి 79 ఏళ్ల మధ్య ఇది 0.2 శాతం మందిలో ఉంటే, 80 దాటినవాళ్లలో దాదాపు 6 శాతం మందిలో ఉంది. 82 ఏళ్లన్న కారణంతో వద్దనడం మొదలుపెడితే, జబ్బు ఎక్కువగా ఉన్నవాళ్లకే చికిత్స అందదు. నేను చూసేది వయసు అంకె కాదు. మత్తు తట్టుకునే శక్తి, గుండె, ఊపిరితిత్తుల స్థితి, రక్తనాళాల జబ్బు ఎంత ముదిరింది, ఆపరేషన్ తర్వాత నడవడానికి తోడ్పడేవాళ్లు ఇంట్లో ఉన్నారా అన్నవి.

ఆపరేషన్ స్వరూపం చెబితే బంధువుల భయం కొంత తగ్గుతుంది. పుర్రెకు చిన్న రంధ్రం చేసి, మెదడు గదిలోకి సన్నని గొట్టం పంపి, దాన్ని చర్మం కింద నుంచే మెడ, ఛాతీ మీదుగా తెచ్చి కడుపు కుహరంలో వదులుతారు. మధ్యలో నీరు ఎంత వేగంగా పోవాలో నియంత్రించే వాల్వు ఉంటుంది. కొన్నిచోట్ల మెదడు జోలికి వెళ్లకుండా నడుము నుంచి కడుపు కుహరానికి గొట్టం వేస్తారు. ఇది గంటలకొద్దీ సాగే మెదడు కోత ఆపరేషన్ కాదు.

అయినా ప్రమాదం లేదని చెప్పను. గొట్టం మూసుకుపోవచ్చు, ఇన్‌ఫెక్షన్ రావచ్చు, అప్పుడు మళ్లీ ఆపరేషన్ అవసరం కావచ్చు. అన్నిటికంటే జాగ్రత్త పడాల్సింది నీరు అవసరానికి మించి పోవడం వల్ల మెదడుకూ పుర్రెకూ మధ్య రక్తం చేరడం. పైన చెప్పిన పెన్స్ అధ్యయనంలో పనిచేసే షంట్ ఉన్నవాళ్లలో 12 శాతం మందికి, రెండో గుంపులో 2 శాతం మందికి ఇలా జరిగింది. లేచి నిలబడితే వచ్చే తలనొప్పి కూడా షంట్ గుంపులోనే ఎక్కువ. అదే సమయంలో పడిపోయినవాళ్లు షంట్ గుంపులో 24 శాతం, రెండో గుంపులో 46 శాతం. 82 ఏళ్ల మనిషి తుంటి విరగ్గొట్టుకుంటే ఏమవుతుందో మీ బంధువులకు నేను చెప్పనక్కర్లేదు. ఆపరేషన్ ప్రమాదాన్ని లెక్కవేసేటప్పుడు, ఆపరేషన్ చేయకుండా ఉంచే ప్రమాదాన్ని కూడా పక్కనే పెట్టి చూడాలి.

రక్తం పలచబడే మందు విషయంలో గుండె డాక్టరుగారు, న్యూరోసర్జన్ కలిసి మాట్లాడుకోవాలి. ట్యాప్ టెస్ట్‌కు ఆపినట్టే ఆపరేషన్‌కు కూడా కొన్నాళ్లు ఆపాల్సి ఉంటుంది. ఎన్నాళ్లు, ఎప్పుడు మళ్లీ మొదలుపెట్టాలి అన్నది మందును బట్టి, పక్షవాతం ప్రమాదాన్ని బట్టి ఉంటుంది. మీరే ఆపేయకండి. ఇలాంటివాళ్లకు బయటి నుంచే అయస్కాంతంతో సర్దుబాటు చేయగల వాల్వు వేయమని అడగడం మంచిది. దాన్ని మొదట నీరు తక్కువగా పోయే స్థాయిలో పెట్టి, వారాల తరబడి నడకను, స్కాన్‌ను చూస్తూ నీరు పోయే వేగాన్ని ఒక్కో మెట్టు పెంచుతారు. అందుకే ఆపరేషన్ అయిన వారానికే నడక మారలేదని కంగారు పడకూడదు. తర్వాత ఎప్పుడైనా ఎమ్మారై తీయాల్సి వస్తే, కొన్ని రకాల వాల్వుల అమరిక ఆ అయస్కాంత బలానికి మారిపోవచ్చు కాబట్టి, షంట్ ఉందని ముందే చెప్పి, తీశాక వాల్వును సరిచూపించండి.

ఎంతకాలంలోగా అన్నదానికి: ఇది ఈ రాత్రికే చేయాల్సిన అత్యవసరం కాదు, అలాగని ఏడాదిపాటు వాయిదా వేసుకునేదీ కాదు. జపాన్‌లో 93 మందిని రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు వెంటనే, రెండో గుంపుకు మూడు నెలలు ఆగి షంట్ వేసిన అధ్యయనం 2015లో వచ్చింది. మూడు నెలల సమయానికి మొదటి గుంపులో 65 శాతం మంది రోజువారీ పనుల్లో మెరుగుపడితే, ఎదురుచూస్తున్న గుంపులో మెరుగుపడినవాళ్లు 5 శాతమే. ఆపరేషన్ కోసం నెలల తరబడి ఎదురుచూసినవాళ్లను పరిశీలించిన స్వీడన్ వైద్యులకు, ఆ నిరీక్షణలో దిగజారిన స్థితి ఆపరేషన్ తర్వాత కూడా పూర్తిగా వెనక్కి రాలేదని తేలింది. మీ నాయనమ్మకు ఇప్పుడు నడక ఉంది, పరీక్షలో అది బాగుపడింది; కొద్ది వారాల్లో తేదీ తీసుకోండి. ఏ కారణం చేతనైనా కొన్ని నెలలు ఆలస్యమైతే, ఆపరేషన్ ముందు పది మీటర్ల నడకను మళ్లీ కొలిపించి, ఆ అంకెలను కేసు కాగితాల్లో రాయించండి. షంట్ తర్వాత ఫలితాన్ని పోల్చాల్సింది ఆ కొత్త అంకెలతోనే.